పరాయి యంత్రముపై పరీక్ష
(డెనిస్ రిచీ స్మారకోపన్యాసము, అమృతలూరు)



తెనాలికిని బాపట్లకును రేపల్లెకును నడుమ, కృష్ణా పశ్చిమ డెల్టా కాలువల నీటితో వరి పండించుకొను ఈ యూర, అమెరికాదేశమున బెల్ ప్రయోగశాలలలో ఉద్యోగజీవితము గడపిన ఒక శాస్త్రజ్ఞుని పేర స్మారకోపన్యాసము జరుగుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని 1941లో జన్మించి 2011 అక్టోబరులో కాలధర్మము నొందిన డెనిస్ రిచీ మహాశయుడు రూపొందించిన సీ భాషను అభ్యసింపక మన యింజనీరింగు కళాశాలలనుండి బయటపడిన విద్యార్థి అరుదు. మీ చేతులలోని ఆండ్రాయిడ్ ఫోనులకు ఆధారమైన లైనక్స్ కెర్నెలు ప్రధానముగా ఆ భాషలోనే వ్రాయబడినది. కావున ఆయన మనకు పరోక్షగురువు. కెన్ థాంప్సన్‌తో కలసి ఆయన 1983లో పొందిన ట్యూరింగ్ పురస్కారమును గూర్చియు, ఆయన వ్రాసిన గ్రంథములను గూర్చియు విస్తరించి చెప్పువారు పెక్కుమంది కలరు. నేను నేడాయన చేసిన ఒక్క పనిని మాత్రమే స్మరింపదలచితిని. అది, ఒక యంత్రముపై పుట్టి పెరిగిన సాఫ్ట్‌వేరును ఏమాత్రము పరిచయములేని మరియొక యంత్రముపైకి తీసికొనిపోయి నిలబెట్టిన పని, అనగా పోర్టింగ్.

యునిక్స్ అను ఆపరేటింగ్ సిస్టమ్ 1969లో పీడీపీ-7 అను యంత్రముపై ఉద్భవించి, పిమ్మట పీడీపీ-11 మీదికి చేరినది. ఆపరేటింగ్ సిస్టమును ఆ యంత్రముయొక్క అసెంబ్లీ భాషలోనే వ్రాయవలెనను నమ్మకము ఆనాడు బలముగా వ్యాపించి యుండెను. అందుచేత యంత్రము పాతబడినప్పుడు దానితోపాటు సిస్టమును మూలపడెడిది. కొత్త యంత్రము వచ్చినప్పుడు సమస్తమును మొదటినుండి వ్రాసికొనవలసి వచ్చెడిది. 1973లో థాంప్సన్, రిచీలు యునిక్స్ కెర్నెలును సీ భాషలో తిరిగి వ్రాసి ఈ బంధమును చాలవరకు సడలించిరి. సడలినదని అనుకొనుట వేరు, సడలినదని నిరూపించుట వేరు. ఆ నిరూపణకై రిచీ తన సహోద్యోగియైన స్టీఫెన్ జాన్సన్‌తో కలసి 1977లో ఇంటర్‌డేటా 8/32 అను యంత్రమును ఎన్నుకొనెను. పీడీపీ-11 పదునారు బిట్లది, ఇది ముప్పదిరెండు బిట్లది. దానియందు బైట్లు పేర్చబడు వరుస వేరు, దీనియందలి వరుస వేరు. ఆ కాలముననే ఆస్ట్రేలియాలోని వొలంగాంగ్ విశ్వవిద్యాలయమున రిచర్డ్ మిల్లర్ అను నాతడు, స్వతంత్రముగా, ఇంటర్‌డేటా 7/32 మీదికి యునిక్స్‌ను చేర్చెను.

ఈ ప్రయాణములో బయటపడిన చిక్కులే నేటి మన విషయమునకు మూలము. యు, ఎన్, ఐ, ఎక్స్ అను నాలుగక్షరములను రెండేసి బైట్ల జంటలుగా తీసికొని, ప్రతి జంటలోను ముందువెనుకలు మార్చినచో ఎన్, యు, ఎక్స్, ఐ యగును. బైట్ల వరుస భేదమువలన కలుగు ఈ వికారమునకు ‘నుక్సి సమస్య’ యని పోర్టింగ్ చేయువారిలో నేటికిని పేరు. పాయింటరును పూర్ణసంఖ్యను ఒకే వస్తువువలె వాడుకొను పాత అలవాట్లు, పీడీపీ-11 మీద ఏ కీడును చేయక సాగిపోయినవి, కొత్త యంత్రముమీద సాగలేదు. అట్టి దోషములను ముందుగానే పట్టుకొనుటకు జాన్సన్ ‘లింట్’ అను పరీక్షక ప్రోగ్రామును వ్రాసెను. ఆ దశాబ్దిలోనే సీ భాషలో రకముల నియమములు బిగిసి, అన్‌సైన్డ్ సంఖ్యలు, క్యాస్ట్‌లు మొదలగునవి చేరినవి. అనగా యునిక్స్ ఇంటర్‌డేటా మీదికి పోవుటవలన ఇంటర్‌డేటాకు కలిగిన లాభముకంటె యునిక్స్‌కును సీ భాషకును కలిగిన లాభమే అధికము. ఇంటర్‌డేటా యంత్రములు నేడెవరికిని జ్ఞాపకములేవు. వానిమీద నేర్చుకొన్న పాఠములు మాత్రము నేటి ప్రతి కంప్యూటరునందును జీవించియున్నవి.

దీనినుండి నేను గ్రహించిన సిద్ధాంతమిది. ప్రోగ్రాము తాను పుట్టిన యంత్రముపై చక్కగా నడచుట దాని నిర్దోషత్వమునకు చాలిన సాక్ష్యము కాజాలదు. ఏలనన, వ్రాసినవాడు తనకు తెలియకయే చేసికొన్న ఊహలన్నియు అచ్చట నిజములై యుండును. ఆ ఊహలు నిజముకాని చోటనే అవి ఊహలని తెలియవచ్చును. కావున అపరిచితమైన యంత్రముపై, అరుదైన ఆపరేటింగ్ సిస్టముపై, ప్రోగ్రామును యంత్రభాషలోనికి మార్చు వేరొక కంపైలరుతో దానిని పరీక్షించుట ఆ యంత్రముగల నలుగురికి చేయు దాక్షిణ్యమని భావించుట పొరపాటు. అది ఆ ప్రోగ్రామును వాడు సమస్తజనులకును చేయు మేలు.

ఊహ ఎట్లు దాగియుండునో కొన్ని ఉదాహరణములవలన చూతము. వాక్స్ యంత్రములు విరివిగా నుండిన 1980లనాడు, వానిపై నడచిన బర్క్‌లీ యునిక్స్‌లో సున్న చిరునామాను చదివినను ప్రోగ్రాము కూలెడిది కాదు. అచ్చట సున్నయే లభించెడిది. ఆ వెసులుబాటుపై ఆధారపడిన ప్రోగ్రాములు సన్ యంత్రములకు రాగానే కుప్పకూలినవి. స్పార్క్ ప్రాసెసరు, నాలుగు బైట్ల సంఖ్య నాలుగుచే భాగింపబడు చిరునామాలోనే యుండవలెనని పట్టుపట్టును. ఇంటెల్ ప్రాసెసరు ఆ పట్టుదల లేక సర్దుకొనిపోవును. అరవై నాలుగు బిట్ల లైనక్స్‌లో ‘లాంగ్’ అను రకము ఎనిమిది బైట్లు, విండోస్‌లో నాలుగే. ఇట్టి భేదములను పట్టించుకొనకపోయినచో నేమగునో 1996 జూన్ 4వ తేదీన లోకమునకు తెలిసినది. ఏరియాన్ 4 రాకెట్టుకై వ్రాసిన సాఫ్ట్‌వేరును ఏరియాన్ 5లో మరల వాడగా, అరవై నాలుగు బిట్ల దశాంశ సంఖ్యయొకటి పదునారు బిట్ల పూర్ణసంఖ్యలో పట్టక పోవుటచేత మార్గదర్శక వ్యవస్థ ఆగిపోయి, ఆ రాకెట్టు బయలుదేరిన నిమిషములోపలనే దారితప్పి నాశనమయ్యెను. పాత రాకెట్టు వేగమునకు ఆ సంఖ్య ఎన్నడును అంత పెరుగలేదు. ప్రోగ్రాములో ఆ భాగము మారలేదు. దాని చుట్టునున్న లోకము మారినది.

ఈ విషయము తెలుగువారికి పరాయిది కాదు. మన లిపి ప్రతి కంప్యూటరునకును చిరకాలము అపరిచితమైన అతిథి. యూనికోడ్ ప్రమాణములో మన ‘అ’కారమునకు నియతమైన సంకేతమును యూటీఎఫ్-8 పద్ధతిలో వ్రాసినచో అది 224, 176, 133 అను మూడు బైట్లగును. సీ భాషలో ‘చార్’ అను రకము ఋణసంఖ్యలను గ్రహించునో లేదో భాషాప్రమాణము నిర్ణయింపక కంపైలరునకే విడిచిపెట్టినది. ఇంటెల్ యంత్రములపై సామాన్యముగా గ్రహించును; ఆర్మ్ యంత్రములపై లైనక్స్‌లో గ్రహింపదు. కావున ఆ 224 ఒకచోట 224గానే యుండును, మరియొకచోట ఋణము 32గా మారును. ఆ సంఖ్యతో పట్టికలో వెదకు ప్రోగ్రాము ఒక యంత్రముపై సరియైన గడిని చూచును. మరియొక యంత్రముపై పట్టికకు వెలుపల, తనది కాని చోటును చూచును. ఇంగ్లీషు అక్షరములన్నియు 128కి లోబడి యుండుటచే, ఇంగ్లీషుతోనే పరీక్షించినవానికి ఈ దోషము జన్మలో కనబడదు.

మీ గ్రామనామమునే తీసికొందము. ‘అమృతలూరు’ అను పేరు చదువువానికి అయిదక్షరములు. యూనికోడ్‌లో అది ఎనిమిది సంకేతములు. ఏలనన ఋత్వమును, దీర్ఘమును, చివరి ఉకారమును వేర్వేరు సంకేతములు. యూటీఎఫ్-8లో ఇరువది నాలుగు బైట్లు. వెడల్పు అక్షరముల రకములో నిలిపినచో విండోస్‌లో పదునారు బైట్లు, లైనక్స్‌లో ముప్పదిరెండు. ఊరిపేరునకు ఇరువది బైట్లు చాలునని తలచి గడి నేర్పరచిన ప్రోగ్రాము, ‘అమృతలూ’ వరకు నిలుపుకొని, రకారముయొక్క మూడు బైట్లలో రెండింటిని ఉంచి మూడవదానిని పారవైచును. ఆ తెగి మిగిలిన రెండు బైట్లను చూచి ఒక ప్రోగ్రాము ప్రశ్నార్థకమును చూపును, ఒకటి మొత్తము పేరునే తిరస్కరించును, మరియొకటి నిలిచిపోవును. రేషను కార్డులోనో, భూమి పత్రములోనో, బ్యాంకు ఖాతాలోనో ఊరిపేరు ఇట్లు విరిగినచో కలుగు కష్టము ఎవరిదో మీకు నేను చెప్పనక్కరలేదు.

తెలుగు కంప్యూటరులోకి వచ్చిన చరిత్రయంతయు పోర్టబిలిటీ చరిత్రయే. 1990ల ఆరంభదశలో హ్యూస్టను నగరమందలి రైస్ విశ్వవిద్యాలయమున చదువుకొనుచున్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ అను మనవారు తెలుగును రోమను అక్షరములతో వ్రాయు ఒక పద్ధతిని కల్పించిరి. ఆర్‌టీఎస్ అను పేర ప్రసిద్ధమైన ఆ పద్ధతిలో వ్రాసిన తెలుగు, సామాన్యమైన ఆస్కీ అక్షరములే యగుటచేత, ఏ యంత్రమునుండి ఏ యంత్రమునకైనను చెక్కుచెదరక పోగలిగెను. లిపిని కొంతకాలము త్యాగముచేసి భాషను ప్రయాణము చేయించిన ఉపాయమది. పిమ్మట వార్తాపత్రికలు వెబ్బులోనికి వచ్చినప్పుడు ఇందుకు విపరీతము జరిగెను: లిపి సొగసుగా కనబడెను, కాని ప్రతి పత్రికయు తన ఫాంటునకు తనదే యైన సంకేతక్రమమును పెట్టుకొనుటవలన, ఒకరి అక్షరములు మరియొకరి ఫాంటులో అర్థములేని గుర్తులుగా మారిపోయెను. ఆ ఫాంటుల వ్రాతను యూనికోడ్‌లోనికి మార్చు ‘పద్మ’ అను ఉపకరణమును వెన్న నాగార్జున ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకై వ్రాసి, మూలముతో సహా అందరి కిచ్చెను. 1991లోనే యూనికోడ్ ప్రథమ సంపుటిలో తెలుగునకు స్థానము లభించినను, ఆ స్థానము సార్థకమగుటకు ఇట్టి వారెందరో శ్రమింపవలసి వచ్చినది.

ఇక 2018 ఫిబ్రవరిలో జరిగిన ఉదంతము లోకప్రసిద్ధము. జకార ఞకారముల సంయుక్తాక్షరమునకు పిమ్మట కంటికి కనబడని ఒక విభజక సంకేతమును, ఆపై ఆకారపు గుర్తును చేర్చిన ఒక చిన్న వరుసను చూపుటకు ప్రయత్నించి ఐఫోనులు, మ్యాక్ కంప్యూటర్లు కూలిపోయినవి. సందేశములో ఆ వరుస వచ్చినచో ఆ సందేశములను చూపు యాప్ మరల తెరువబడకుండెను. ఆపిల్ సంస్థ ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6ను విడుదలచేసి దోషమును సవరించెను. దేశదేశముల పత్రికలు తెలుగు అక్షరము ఫోనులను కూల్చినదని వ్రాసినవి. దోషము అక్షరమునందు లేదు. అట్టి వరుస ఎన్నడైన రావచ్చునని తలపని ప్రోగ్రామునందు కలదు. కోట్లకొలది ఫోనులలో దాగియున్న దోషమును బయటపెట్టినది మన లిపి. అరుదైన పరిస్థితియే ఉత్తమ పరీక్షకుడనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

బాపట్ల వ్యవసాయ పరిశోధనల ఘనత నెఱిగిన మీకు ఈ న్యాయము సుబోధము. బాపట్లలో పుట్టి 1986లో విడుదలయైన బీపీటీ 5204 వరి, అనగా మన సాంబమసూరి, ఎంత రుచికరమైనను ఎండాకు తెగులునకు లొంగునని రైతులు చూచిరి. ఆ తెగులు కనబడని మడిలో మాత్రమే దానిని పెంచియుండినచో ఆ లోపము తెలిసెడిది కాదు. లోపము తెలిసినందువలననే హైదరాబాదు శాస్త్రజ్ఞులు తెగులును తట్టుకొను జన్యువులను చేర్చి 2008లో మెరుగుపరచిన సాంబమసూరిని ఇచ్చిరి. వంగడమును పలు నేలలలో పరీక్షించి చూచుట వ్యవసాయశాస్త్రమునకు ప్రాథమిక ధర్మమైనట్లే, ప్రోగ్రామును పలు యంత్రములలో పరీక్షించుట మా శాస్త్రమునకును ప్రాథమిక ధర్మము.

యంత్రములవలెనే కంపైలరులును. రిచర్డ్ స్టాల్‌మన్ 1987లో తొలిసారి విడుదలచేసిన జీసీసీ అను కంపైలరు ఓపెన్ సోర్స్ లోకమునకు పెన్నిధి. కాని ఒక్క జీసీసీతోనే పని సాగించినవారికి భాషాప్రమాణమేదో, జీసీసీ యిచ్చిన వెసులుబాటేదో భేదము తెలియకుండ పోయెను. క్లాంగ్ అను రెండవ కంపైలరు వచ్చినప్పుడు ఆ భేదము వెలుగులోనికి వచ్చెను. జీసీసీయే తన సడలింపులను ఒక్కొక్కటిగా ఉపసంహరించుకొనుచున్నది. ప్రకటింపని ఫంక్షనును పిలిచినచో అది పూర్ణసంఖ్యనే యిచ్చునని భావించి ఊరకుండు పాత మర్యాదను 2024లో వచ్చిన జీసీసీ 14 చెల్లదని దోషముగా ప్రకటించెను. ఆ ఫంక్షను నిజముగా పాయింటరు నిచ్చునదైనచో, అరవై నాలుగు బిట్ల యంత్రముపై సగము చిరునామా తెగిపోవు ప్రమాద మున్నది. ముప్పదిరెండు బిట్ల యంత్రముపై అదియే ప్రోగ్రాము సంవత్సరములతరబడి నిర్విఘ్నముగా నడచును. ఒకే వాక్యమునకు ఇద్దరు విద్వాంసులు వేర్వేరుగా అర్థము చెప్పినప్పుడు ఆ వాక్యము సందిగ్ధమని తెలియును. రెండు కంపైలరుల మధ్య భేదము కనబడినప్పుడు, తప్పు తరచుగా మన ప్రోగ్రామునందే యుండును.

ఈ సిద్ధాంతమునకు బలమైన ఆక్షేపణ యొకటి కలదు. దానిని న్యాయముగా విచారింపవలెను. అరుదైన యంత్రములన్నిటిని మోయ యత్నించినచో ప్రోగ్రాము షరతులతో నిండి, చదువ వీలుకాక, అందే దోషములు దాగుకొనునని ఆక్షేపకుల వాదము. 2014 ఏప్రిలులో, ఇంటర్నెట్టు భద్రతకు వాడు ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ దోషము బయటపడిన వెంటనే, యునిక్స్ వంశపు ఆపరేటింగ్ సిస్టమైన ఓపెన్‌బీఎస్‌డీ వారు ఆ మూలమును తీసికొని, వీఎంఎస్, పాత మ్యాక్ మొదలైన వానికై చేర్చిన భాగములను తొలగించి, లిబ్రెఎస్ఎస్ఎల్‌ను సిద్ధపరచిరి. ఈ ఆక్షేపణలో సత్యమున్నది. కాని అదే ఓపెన్‌బీఎస్‌డీ బృందము తమ సిస్టమును స్పార్క్ మొదలైన పలు రకముల ప్రాసెసర్లపై నడుపుచు, వాని కాఠిన్యమువలన దోషములు దొరకునని బహిరంగముగా చెప్పుచున్నది. లిబ్రెఎస్ఎస్ఎల్ సైతము కొలది మాసములలోనే ఇతర సిస్టములకై ప్రత్యేకమైన పోర్టబుల్ రూపమును వెలువరించెను. వారు త్యజించినది మూలమునంతటిని కలుషితము చేయు షరతుల గుంపును. వారు గ్రహించినది ప్రమాణమునకు లోబడి ఒక్క తీరుగా వ్రాసి, ఏ సిస్టములోనైన కొరతయున్నచో దానిని వేరుగా ఒకచోట పూరించు పద్ధతిని. ప్రతి యంత్రమునకును ఒక మినహాయింపు వ్రాయుట పోర్టబిలిటీ కాదు. మినహాయింపు అవసరములేని మాటను కనుగొనుట పోర్టబిలిటీ. ఆ మాటను కనుగొనుటకు పలుచోట్ల పరీక్ష కావలయును.

మన దేశమునకు ఇందులో ప్రత్యేకమైన ప్రయోజనము కలదు. హైదరాబాదులోని ఈసీఐఎల్ సంస్థ పూర్వము పండ్రెండు బిట్ల టీడీసీ-12ను, అటుపిమ్మట పదునారు బిట్ల టీడీసీ-316ను నిర్మించెను. అవి స్వదేశయంత్రములు, లోకమున అరుదైనవి. అట్టి యంత్రమున కెదురగు పెద్ద చిక్కు దానికొఱకు సాఫ్ట్‌వేరు నెవరు వ్రాయుదురన్నది. నేడు మద్రాసు ఐఐటీ వారు శక్తి ప్రాసెసర్లను, సీడాక్ వారు వేగ ప్రాసెసర్లను రిస్క్-ఫైవ్ అను స్వేచ్ఛాప్రమాణము ననుసరించి రూపొందించుచున్నారు. ఇవియు ఇంకను అరుదైన యంత్రములే. కాని నేటి పరిస్థితి వేరు. యంత్రము కొత్తదైనను దానికై సర్వమును కొత్తగా వ్రాయనక్కరలేదు. పోర్టబుల్‌గా వ్రాసిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు లోకమున సిద్ధముగా నున్నది. 2025లో డెబియన్ అను లైనక్స్ పంపిణీ తన పదుమూడవ విడుదలలో రిస్క్-ఫైవ్‌ను అధికార వేదికలలో చేర్చుకొన్నది. దీనివెనుక, ఒక్కొక్క ప్యాకేజీని ఆ యంత్రముపై నిర్మించి, ఎచ్చట విరిగినదో చూచి, దిద్దినవారి ఓర్పు ఎంతయో కలదు. స్వదేశ ప్రాసెసరు నిలువవలెనన్నచో అట్టి ఓర్పుగలవారు మన గ్రామములనుండియు రావలెను.

విద్యార్థులారా, ఈ పనికి సంపద అక్కరలేదు. ఫాబ్రీస్ బెల్లార్ 2003లో ఆరంభించిన క్యూఈఎంయూ అను ఎమ్యులేటరును మీ ల్యాప్‌టాపులో నిలుపుకొన్నచో, స్పార్కును, పవర్‌పీసీని, రిస్క్-ఫైవ్‌ను, పెద్దకొన (బిగ్ ఎండియన్) వరుసలో బైట్లను పేర్చు ఐబీఎం మెయిన్‌ఫ్రేమును ఆ ల్యాప్‌టాపులోనే చూడవచ్చును. 1993నుండి పలు యంత్రములను ఆదరించుటయే వ్రతముగా పెట్టుకొన్న ఆపరేటింగ్ సిస్టమైన నెట్‌బీఎస్‌డీని అందు నడుపవచ్చును. పెర్ల్ భాషవారు 1998నుండి స్వచ్ఛంద పరీక్షకుల యంత్రములపై తమ మాడ్యూళ్ళను పరీక్షించి ఫలితములను ప్రకటించుచున్నారు. తన యొద్ద నున్న వింతయంత్రమే తన యోగ్యతగా ఎవరైనను అందు చేరగలిగిరి. మీకు నచ్చిన ప్రోగ్రామును ఒకదానిని తీసికొనుడు. దానిని రెండవ కంపైలరుతో నిర్మింపుడు. హెచ్చరికలను అణచిపెట్టక చదువుడు. దాని పరీక్షలలో మన గ్రామనామములను, మన సంయుక్తాక్షరములను, మన పేరులను చేర్పుడు.

దోషము దొరికినప్పుడు దానిని నివేదించుటయు నొక విద్య. యంత్రమేదో, సిస్టమేదో, కంపైలరు ఏ సంఖ్యదో, ఏ ఆదేశమిచ్చితిరో, ఏమి జరుగవలసియుండెనో, ఏమి జరిగెనో స్పష్టముగా వ్రాయవలెను. దోషమును చూపు ప్రోగ్రామును ఇక తగ్గింపరానంత చిన్నదిగా తగ్గింపవలెను. సవరణ తెలిసినచో దానిని మీ ప్రతిలో దాచుకొనక మూలకర్తలకు పంపవలెను. అప్పుడే అది అందరిదగును. అవతలివారు జీతములేక, రాత్రివేళలలో ఈ భారమును మోయువారని మరువక వినయముతో వ్రాయవలెను. వారు మీ యంత్రమును గూర్చి ఎన్నడును వినియుండకపోవచ్చును. మీ నివేదికయే వారికి ఆ యంత్రపు తొలి పరిచయము.

రిచీ మహాశయుడు తన సృష్టి తన యింట నడచుటతో తృప్తి నొందక, దానిని పరాయి యంత్రమునకు పంపి, అచ్చట తేలిన లోపములను స్వీకరించి, దానిని దిద్దుకొనెను. ఆ బుద్ధి ఆయన వ్రాసిన భాషకంటెను గొప్పది. ఏలనన భాషలు మారును, యంత్రములు మారును, ఈ బుద్ధి మాత్రము ప్రతి తరమునకును కావలయును. తెలుగు లిపి ఇంతకాలము ఇతరులు చేసిన ప్రోగ్రాములలో అనుకొనక వచ్చి దోషములను బయటపెట్టినది. ఇకమీదట అది అనుకొనకుండ కాక, మన బిడ్డల చేతిమీదుగా, ప్రోగ్రాము వెలువడుటకు ముందుగానే, పరీక్షగా రావలయును. ఆ పరీక్షలు వ్రాయువారు ఈ యూరనుండి బయలుదేరుదురని ఆశించుచున్నాను.